కంప్యూటర్ తెరుచుకోకపోతే తొందరపడి ఫార్మాట్ చేయించకండి



ఆరోగ్య విషయాలు చెప్పే ఈ పత్రికలో కంప్యూటర్ రిపేరు మాట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి ఆలోచించండి. ఇప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లినా ఓ.పి. చీటీ కంప్యూటర్ లోంచే వస్తుంది. రక్తపరీక్ష రిపోర్టు, ఎక్స్‌రే, మందుల బిల్లు, డిశ్చార్జి కాగితం, ప్రభుత్వ వైద్య పథకం అనుమతి, అన్నీ దానిమీదనే నడుస్తున్నాయి. ఒక ఉదయం ఆ కంప్యూటర్ తెరుచుకోకపోతే ఆగిపోయేది యంత్రం ఒక్కటే కాదు. అవనిగడ్డ నుంచో, కైకలూరు నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్న రోగి కూడా ఆగిపోతాడు.

ఇళ్లలోనూ అంతే. పిల్లల చదువు, పింఛను కాగితాలు, విదేశాల్లో ఉన్న కొడుకు పంపిన ఫొటోలు, అమ్మగారి పాత స్కాన్ రిపోర్టులు, అన్నీ ఒక ల్యాప్‌టాప్ లో ఉంటున్నాయి. రాత్రి "అప్‌డేట్" అని అడిగితే సరేనన్నాం. పొద్దున్నే నల్లటి తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు కనిపించి అక్కడే ఆగిపోయింది. దుకాణానికి తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినిపించే మాట ఒకటే: "ఫార్మాట్ చేసేద్దామండీ."

ఆ మాటకు వెంటనే తల ఊపవద్దని చెప్పడానికే ఈ వ్యాసం. తెరుచుకోని కంప్యూటర్ చచ్చిపోయిన కంప్యూటర్ కాదు. చాలా సందర్భాల్లో వెనక్కి వెళ్లే దారి అందులోనే ఉంటుంది. ఆ దారిని ముందే కాపాడుకోవడం, అవసరం వచ్చినప్పుడు వెతుక్కోవడం ఇంటికీ ఆసుపత్రికీ కూడా నేర్చుకోదగిన క్రమశిక్షణ అని నా అభిప్రాయం.

కెర్నల్ అంటే ఏమిటి?

కంప్యూటర్ ను నడిపించే మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్, లినక్స్ అటువంటివే. అందులో అన్నిటికంటే లోపల ఉండే భాగం కెర్నల్. మన శరీరంలో ఊపిరినీ గుండె కొట్టుకోవడాన్నీ మనకు తెలియకుండానే నడిపే మెదడు కింది భాగం ఉంది కదా, కెర్నల్ అలాంటిది. మనం తెర మీద చూసే ఉత్తరాలు, బొమ్మలు, బిల్లులు అన్నీ దాని పైన నడుస్తాయి. డిస్కు, కీబోర్డు, ప్రింటరు, ఇంటర్నెట్ తీగ, వీటన్నిటితో మాట్లాడేది కెర్నలే.

స్విచ్ వేసినప్పుడు కంప్యూటర్ మెట్లు ఎక్కినట్టు ఒక్కొక్క పనే చేస్తుంది. ముందు లోపలి భాగాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. తరువాత బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ లేస్తుంది. లినక్స్ లో దానికి గ్రబ్ అని పేరు. అది కెర్నల్ ను, దానితోపాటు ఒక చిన్న సహాయక ఫైలును మెమరీలోకి తెస్తుంది. ఆ సహాయక ఫైలు ఆధారంతో కెర్నల్ అసలు డిస్కును కనుక్కుంటుంది. డిస్కు దొరికాక మిగతావన్నీ వరుసగా లేస్తాయి. కంప్యూటర్ బూట్ కావడం అంటే ఇదంతా. ఏ మెట్టు దగ్గర కాలు జారినా పైవాళ్లెవరూ లేవరు.

కెర్నల్ మార్చిన తరువాత కాలు జారడానికి సాధారణంగా కనిపించే కారణాలు నాలుగు.

మొదటిది, మార్పు సగంలో ఉండగా కరెంటు పోవడం. వేసవి గాలివానల రోజుల్లో మన ప్రాంతంలో ఇది కొత్త సంగతి కాదు. కొత్త ఫైలు సగమే రాసి ఉంటుంది, దానితో కంప్యూటర్ లేవలేదు.

రెండవది, చోటు చాలకపోవడం. కొన్ని లినక్స్ కంప్యూటర్లలో కెర్నల్ ఫైళ్ల కోసం డిస్కులో చిన్న గది విడిగా ఉంటుంది. పాత కెర్నల్ ఫైళ్లు పేరుకుపోయి ఆ గది నిండిపోతే కొత్త సహాయక ఫైలు పూర్తిగా తయారు కాదు. అప్పుడు కెర్నల్ మేలుకుంటుంది కానీ డిస్కు ఎక్కడుందో దానికి తెలియదు. "కెర్నల్ పానిక్" అనే మాట తెర మీద కనిపించే సందర్భాల్లో ఇదొకటి.

మూడవది, డ్రైవర్లు. తెరను నడిపే కార్డు వంటి భాగాలకు విడిగా చేర్చిన డ్రైవరు పాత కెర్నల్ కు తగినట్టు తయారై ఉంటుంది. కెర్నల్ మారాక అది పొసగదు. ఇలాంటప్పుడు కంప్యూటర్ నిజానికి లేస్తుంది, తెర మీద మాత్రం ఏమీ కనిపించదు.

నాలుగవది, కెర్నల్ లోపలే కూర్చుని పనిచేసే రక్షణ ప్రోగ్రాములు. అవి తప్పు చేస్తే కెర్నల్ నే కూలదోస్తాయి.

ఈ నాలుగింటిలోనూ గమనించవలసింది ఒకటుంది. మీ ఉత్తరాలు, ఫొటోలు, రిపోర్టులు మామూలుగా ఎక్కడివక్కడే ఉంటాయి. ఇంటి తలుపు బిగుసుకుపోయింది, ఇంట్లో సామాను పోలేదు. ఫార్మాట్ చేయడం అంటే తలుపు రాలేదని ఇల్లంతా ఖాళీ చేయించడం. ఏ మంచి వైద్యుడైనా రోగం ఏమిటో చూడకుండా కత్తి పట్టుకోడు. యంత్రం విషయంలో మాత్రం మనమెందుకు ఒప్పుకోవాలి?

వెనక్కి వెళ్లే దారి ఎక్కడుంది?

లినక్స్ ను తయారుచేసినవారు ఇలాంటి రోజు వస్తుందని ముందే ఊహించారు. ఉబుంటు వంటి లినక్స్ లో కొత్త కెర్నల్ పెట్టినప్పుడు అంతకుముందు నడిచిన కెర్నల్ ను తీసివేయదు, పక్కన ఉంచుతుంది. ఫెడోరా అనే మరొక లినక్స్ మామూలుగా మూడు కెర్నళ్ల వరకు ఉంచుకుంటుంది. అంటే కొత్తది లేవకపోయినా నిన్నటివరకు నడిచినది పిలిస్తే పలికే దూరంలోనే ఉంటుంది.

దాన్ని పిలిచే పద్ధతి కష్టమైనది కాదు. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే ఎస్కేప్ మీటను నొక్కాలి. పాత యంత్రాల్లో షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకోవాలి. గ్రబ్ పట్టిక వస్తుంది. ఉబుంటులో అయితే "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" అనే వరుసలోకి వెళ్తే కెర్నళ్లు వాటి నంబర్లతో కనిపిస్తాయి. పై నంబరు కొత్తది, కింది నంబరు పాతది. పాతదాన్ని ఎంచుకుని ఎంటర్ కొట్టాలి. చాలాసార్లు కంప్యూటర్ ఏమీ జరగనట్టే లేస్తుంది.

లేచింది కదా అని అక్కడితో ఊరుకోకూడదు. ముందు ముఖ్యమైన ఫైళ్లను మరొక డిస్కులోకి తీసుకోవాలి. ఆ తరువాతే మరమ్మతు. చోటు చాలకపోతే బాగా పాతబడిన కెర్నళ్లను తీసి గది ఖాళీ చేయాలి. ఇప్పుడు నడుస్తున్నదాన్ని మాత్రం ముట్టుకోకూడదు. సగంలో ఆగిన మార్పును పూర్తి చేయించాలి. డ్రైవరు పొసగకపోతే కొత్త కెర్నల్ కు తగిన డ్రైవరు వేయించాలి, లేదా అది వచ్చేవరకు పాత కెర్నల్ తోనే నడపాలి.

విండోస్ లో పాత కెర్నల్ ను ఇలా పట్టికలోంచి ఎంచుకోలేము కానీ వెనక్కి దారి అక్కడా ఉంది. వరుసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే విండోస్ తనంతట తానే మరమ్మతు తెర చూపిస్తుంది. అందులో "ట్రబుల్‌షూట్", తరువాత "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోకి వెళ్తే చివర వేసిన అప్‌డేట్ ను తొలగించే వీలుంటుంది. కనీస భాగాలతో మాత్రమే లేపే "సేఫ్ మోడ్" కూడా అక్కడే ఉంటుంది. విండోస్ 10 నుంచి 11 కు మారినవారికి మామూలుగా 10 రోజులలోపు వెనక్కి వెళ్లే అవకాశం ఉంటుంది. 2025 అక్టోబర్ 14 తో విండోస్ 10 కు మామూలు మద్దతు ముగిసింది కాబట్టి చాలా ఇళ్లలో, కార్యాలయాల్లో ఈ మార్పు వచ్చింది. అందుకే ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఇంకొక్క మాట. ఇప్పటి ల్యాప్‌టాప్ లలో చాలావాటికి డిస్కు మీద బిట్‌లాకర్ అనే తాళం పడి ఉంటుంది. మరమ్మతు తెరలోకి వెళ్లినప్పుడు అది 48 అంకెల తాళం సంఖ్య అడగవచ్చు. ఆ సంఖ్య సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కంప్యూటర్ బాగున్న రోజే దాన్ని చూసి ఒక కాగితం మీద రాసి భద్రపరచుకోండి. కంప్యూటర్ లోనే దాచుకుంటే ఇంటి తాళంచెవిని ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు అవుతుంది.

ఇవన్నీ స్వయంగా చేయలేనివారు దుకాణానికే వెళ్లండి, అందులో తప్పులేదు. మన దుకాణాల్లో పనిచేసే పిల్లలు చురుకైనవాళ్లు, అడిగితే చేస్తారు. కానీ మూడు ప్రశ్నలు అడగండి. ఎందుకు తెరుచుకోవడం లేదో చూశారా? పాత కెర్నల్ తో లేపడం గానీ, చివరి అప్‌డేట్ ను తొలగించడం గానీ ప్రయత్నించారా? లోపలి ఫైళ్లు వేరే డిస్కులోకి తీశారా? పెన్‌డ్రైవ్ లో ఉంచిన లినక్స్ తో కంప్యూటర్ ను లేపి, లోపలి ఫైళ్లను బయటకు తీయవచ్చు. తాళం పడిన డిస్కు అయితే ఆ 48 అంకెల సంఖ్య కావాలి. ఈ మూడింటికీ జవాబు వచ్చేవరకు ఫార్మాట్ కు ఒప్పుకోకండి. డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం అది వేరే జబ్బు. మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా వెంటనే ఆపి, తెలిసినవారికి చూపించండి.

2024 జూలై 19 నేర్పిన పాఠం

ఇదంతా ఇంటి ల్యాప్‌టాప్ సంగతే అనుకోవద్దు. 2024 జూలై 19, శుక్రవారం. మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ తన "ఫాల్కన్" రక్షణ ప్రోగ్రామ్ కు ఒక చిన్న ఫైలు పంపింది. అది కెర్నల్ మార్పు కాదు. కెర్నల్ లోపల కూర్చుని పనిచేసే ప్రోగ్రామ్ కు పంపిన కొద్దిపాటి సమాచారం. ఆ ప్రోగ్రామ్ 20 అంశాలు మాత్రమే అందిస్తుండగా కొత్త సమాచారం 21వ అంశాన్ని కూడా చూడమంది. లేనిదాన్ని వెతుకుతూ ప్రోగ్రామ్ కూలింది, దానితో విండోస్ కూలింది. తిరిగి లేపితే అదే ఫైలు చదివి మళ్లీ కూలింది.

తప్పు తెలుసుకుని 78 నిమిషాల్లో, అంటే 10 గంటల 57 నిమిషాలకు కంపెనీ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. అప్పటికే జరగవలసింది జరిగిపోయింది. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. ప్రపంచంలోని విండోస్ కంప్యూటర్లలో అది నూటికి ఒకటి కంటే తక్కువే. కానీ అవి విమానాశ్రయాల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో ఉన్నవి. హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. బ్రిటన్ లో కుటుంబ వైద్యుల క్లినిక్కులు చాలావరకు తమ రోగుల వివరాలు చూడలేకపోయాయి. జర్మనీలో ష్లెస్‌విగ్ హోల్‌స్టైన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి, అత్యవసరం కాని ఆపరేషన్లను వాయిదా వేసింది. అమెరికాలో బోస్టన్ లోని పెద్ద ఆసుపత్రుల సంస్థ మాస్ జనరల్ బ్రిగమ్ కూడా అత్యవసరం కానివాటిని ఆ రోజుకు రద్దు చేసింది.

మరమ్మతు ఎంత చిన్నదో చూడండి. కంప్యూటర్ ను సేఫ్ మోడ్ లో లేపాలి, ఆ ఒక్క ఫైలును తుడిచేయాలి, తిరిగి ఆన్ చేయాలి. ఒక్క యంత్రానికి కొద్ది నిమిషాల పని. కానీ చాలా యంత్రాల దగ్గరకు మనిషే స్వయంగా వెళ్లి చేయవలసి వచ్చింది. బిట్‌లాకర్ తాళం ఉన్నచోట ఆ 48 అంకెలు కావాలి. ఆ అంకెల పట్టిక కూడా పడిపోయిన కంప్యూటర్ లోనే ఉంటే పని అక్కడే ఆగింది. ఎవరూ ఆ 85 లక్షల కంప్యూటర్లనూ ఫార్మాట్ చేయమని చెప్పలేదు. తప్పుచేసిన ఫైలు ఏదో కనిపెట్టి దాన్ని మాత్రమే తీశారు. రోగనిర్ణయం ముందు, చికిత్స తరువాత. ప్రపంచం మొత్తానికి పనికివచ్చిన ఆ పద్ధతి మన వీధిలోని దుకాణానికీ పనికివస్తుంది.

ఆ తరువాత క్రౌడ్‌స్ట్రైక్ తన పద్ధతి మార్చుకుంటున్నట్టు ప్రకటించింది. ఇకమీదట కొత్త ఫైళ్లను ముందు కొద్ది కంప్యూటర్లకు, బాగుంటే మరికొన్నిటికి, ఇలా విడతలుగా పంపుతామంది. ఇంత పెద్ద కంపెనీ ఇంత పెద్ద దెబ్బ తిన్నాక చేరుకున్న నిర్ణయం ఇది. మన ఆసుపత్రులు అంత ఖర్చు పెట్టకుండానే దీన్ని నేర్చుకోవచ్చు.

అయితే అప్‌డేట్లు మానేద్దామా?

ఇదంతా విన్నాక కొందరు "అసలు అప్‌డేట్ల జోలికే పోవద్దు, నడుస్తున్నదాన్ని కదిలించవద్దు" అంటారు. ఆ మాటలో అనుభవం ఉంది, కాదనను. కానీ అది సగం నిజమే.

2017 మే 12 న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టింది. కంప్యూటర్ లోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం అది. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, 2017 మార్చి 14 న ఇచ్చింది. వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఇంగ్లండులో 236 ప్రభుత్వ ఆసుపత్రి ట్రస్టుల్లో కనీసం 80 ఇబ్బంది పడ్డాయి. సుమారు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అక్కడివారు అంచనా వేశారు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా అప్పుడు దెబ్బతిన్నాయి. కృష్ణా, గుంటూరు జిల్లాలు ఆ జాబితాలో ఉన్నాయి. 2022 నవంబర్ 23 న ఢిల్లీ ఎయిమ్స్ మీద ఇటువంటిదే మరొక దాడి జరిగింది. సర్వర్లు ఆగిపోయి, అంత పెద్ద ఆసుపత్రిలో ఓ.పి., ల్యాబ్, బిల్లుల పనులు రోజుల తరబడి కాగితం మీద చేయవలసి వచ్చింది.

కాబట్టి మార్పు చేస్తే ఒక ప్రమాదం, చేయకపోతే మరొక ప్రమాదం. టీకా వేస్తే ఒకరోజు జ్వరం రావచ్చని టీకానే మానేస్తామా? మానము. జ్వరం వస్తే ఏం చేయాలో నర్సమ్మను అడిగి, టీకా వేయిస్తాం. అప్‌డేట్ కూడా అంతే. వేసుకోవలసిందే. కానీ వెనక్కి వచ్చే దారి సిద్ధం చేసుకుని వేసుకోవాలి.

ఆసుపత్రులు ఏం చేయాలి?

మిషన్ ఆసుపత్రుల్లో కంప్యూటర్ విభాగానికి పెద్ద బడ్జెట్ ఉండదన్నది అందరికీ తెలిసినదే. తరచుగా ఒకరో ఇద్దరో అన్నీ చూసుకుంటారు. ఖర్చు తగ్గుతుందని, సొంతంగా మార్చుకోవచ్చని కొన్ని గ్రామీణ ఆసుపత్రులు లినక్స్ మీద నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ను ఎంచుకున్నాయి. ఛత్తీస్‌గఢ్ లోని గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రిలో మొదలైన "బహ్మ్‌ని" అటువంటిదే. అవీ కొంతకాలానికి కొత్త వ్యవస్థకు మారక తప్పదు. అనేక సర్వర్లకు ఆధారమైన సెంటాస్ 7 అనే లినక్స్ కు మద్దతు 2024 జూన్ 30 తో ముగిసిపోయింది. కనుక విండోస్ అయినా లినక్స్ అయినా మార్పు రోజు వస్తుంది. ఆ రోజుకు నేను ముఖ్యమనుకునేవి ఐదు.

ఒకటి, కొత్త కెర్నల్ గానీ పెద్ద అప్‌డేట్ గానీ ముందు ఒక్క కంప్యూటర్ లోనే వేయాలి. అది కూడా ఐ.సి.యు. లోనో, ల్యాబ్ లోనో కాదు. కొన్నాళ్లు గమనించాకే మిగతావాటికి. సోమవారం ఉదయం ఓ.పి. రద్దీలో ఈ పని పెట్టుకోకూడదు. యు.పి.ఎస్. లేకుండా అసలు పెట్టుకోకూడదు.

రెండు, పాత కెర్నల్ ను కొత్తది రుజువయ్యేవరకు తీయకూడదు. డాక్టరుగారు కొత్త బి.పి. మందు రాసినప్పుడు పాత మందు పేరును కేస్ షీట్ లోంచి చెరిపేయరు కదా. పడకపోతే దేనికి తిరిగి వెళ్లాలో అక్కడ రాసి ఉంటుంది.

మూడు, సి.టి. స్కాన్, ల్యాబ్ యంత్రాలతో వచ్చే కంప్యూటర్లను వాటి తయారీదారు అనుమతి లేకుండా మార్చకూడదు. వాటిని వీలైనంతవరకు బయటి ఇంటర్నెట్ కు దూరంగా విడిగా ఉంచాలి.

నాలుగు, రోజూ రికార్డుల నకలు తీయాలి. తీయడమే కాదు, ఆ నకలును అప్పుడప్పుడు తెరిచి చూడాలి. తెరవని నకలు, గడువు తేదీ చూడని మందు రెండూ ఒకటే.

ఐదు, అన్నిటికంటే ముఖ్యమైనది. కంప్యూటర్ లేని రోజుకు కాగితం సిద్ధంగా ఉండాలి. ప్రతి వార్డులో అచ్చువేసిన ఖాళీ కేస్ షీట్లు, మందుల చార్టులు, ల్యాబ్ చీటీలు, రసీదు పుస్తకాలు ఒక పెట్టెలో ఉంచాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక గంటపాటు కంప్యూటర్ లేకుండా పనిచేసి చూడాలి. కొత్తగా వచ్చిన సిస్టర్లలో కొందరు చేతితో మందుల చార్టు నింపడం ఎప్పుడూ చూసి ఉండరు. అగ్నిప్రమాదానికి కసరత్తు చేయించినట్టే దీనికీ చేయించాలి. కంప్యూటర్ తిరిగి లేచాక ఆ కాగితాల మీది వివరాలన్నీ లోపలికి ఎక్కించాలి. లేకపోతే ఆ ఒక్కరోజు రోగి చరిత్రలో ఖాళీగా మిగిలిపోతుంది.

"ఇంత పని మాకెక్కడ కుదురుతుంది, ఉన్న సిబ్బందికే తీరిక లేదు" అని పెద్దలు అనవచ్చు. నిజమే. కానీ ఆ పెట్టెకు అయ్యే ఖర్చు కొన్ని కాగితాల కట్టలు. పాత కెర్నల్ ను ఉంచడానికి ఖర్చే లేదు. లేనిది డబ్బు కంటే అలవాటు. అది కమిటీలో ఒకసారి నిర్ణయించి, ఒకరికి బాధ్యత అప్పగిస్తే వచ్చేస్తుంది.

రోగులు, కుటుంబాలు ఏం చేయాలి?

"అన్నీ ఆసుపత్రి కంప్యూటర్ లో ఉన్నాయిగా" అని చీటీలు పారేసేవారు ఎక్కువవుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీ ఆరోగ్య చరిత్రకు మొదటి కాపలాదారు మీరే.

ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక ఫైలు పెట్టండి. దాని మొదటి కాగితం మీద పేరు, వయసు, ఆసుపత్రి నంబరు, ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు వాటి మోతాదుతో సహా, జరిగిన ఆపరేషన్లు, ఇంటివారి ఫోను నంబరు రాయండి. ఏ మందు పడదో పెద్ద అక్షరాలతో రాయండి. ఆభా ఆరోగ్య ఖాతా ఉన్నవారు ఆ 14 అంకెల సంఖ్యను కూడా రాసుకోండి. ఆ కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి మరొకరి ఫోనులో కూడా ఉంచండి.

కాగితం ఒక్కటే చాలదని 2024 సెప్టెంబర్ లో బుడమేరు మనకు చూపించింది. సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. కాగితాలు నానిపోయే రోజది. అదే రోజుల్లో కరెంటు లేక ఫోన్లకు చార్జింగ్ కూడా కరువైంది. కాబట్టి కాగితమా, కంప్యూటరా అని పందెం వేసుకోవడం అనవసరం. రెండూ ఉండాలి, రెండూ ఒకేచోట ఉండకూడదు. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఎత్తులో ఉంచండి. నకలు వేరే ఊళ్లో ఉన్న అమ్మాయి దగ్గరో, తమ్ముడి దగ్గరో ఉంచండి.

ఏ ఆసుపత్రిలోనైనా "ఇవాళ కంప్యూటర్ పనిచేయడం లేదు" అని చెబితే ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి మీద కోపగించుకోకండి, తప్పు ఆమెది కాదు. పడని మందు పేరును డాక్టరుగారికీ, సిస్టరుగారికీ, మందుల కౌంటర్ లోనూ నోటితో చెప్పండి, ఎందుకంటే ఆ రోజు హెచ్చరించడానికి కంప్యూటర్ లేదు. రక్తం తీసినప్పుడు సీసా మీద మీ పేరు, నంబరు సరిగా రాశారో లేదో చూడండి. డబ్బు కడితే చేతితో రాసిన రసీదు అడిగి తీసుకోండి. ఊపిరాడకపోవడం, గుండె నొప్పి, కాన్పు నొప్పులు, పాముకాటు వంటి వాటికి మాత్రం కంప్యూటర్ కోసం ఆగవద్దు, వరుసలో నిలబడవద్దు. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. వైద్యం ముందు, చీటీ తరువాత.

ఇళ్లలో కంప్యూటర్ ఉన్నవారికి ఈ వారమే చేయదగిన పని ఒకటి చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం తీరిక చూసుకుని ముఖ్యమైన ఫైళ్లను ఒక పెన్‌డ్రైవ్ లోకి తీయండి. బిట్‌లాకర్ ఉంటే ఆ సంఖ్యను కాగితం మీద రాయండి. లినక్స్ వాడేవారైతే ఒకసారి గ్రబ్ పట్టిక తెరిచి పాత కెర్నల్ ఎక్కడుందో చూసి పెట్టుకోండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఆ పని వాళ్లచేతే చేయించండి, వాళ్లకు సరదా, మీకు ధైర్యం. తరువాత అప్‌డేట్ అడిగితే భయం లేకుండా సరేననండి. అది సగంలో ఉండగా మాత్రం స్విచ్ ఆపకండి.